బిందెల లెక్క



ఈ రేడియో స్టూడియోలో వచ్చి కూర్చుని పది నిమిషాలైంది. మెత్తటి కుర్చీ, చల్లటి గది. కూర్చున్న కాసేపటికి నా చేతి గడియారం చూసుకుంటే గుండె నిమిషానికి 74 సార్లు కొట్టుకుంటోంది. ఇంతలో అద్దం అవతల ఉన్నాయన చెయ్యి ఊపారు, ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు చూస్తే 97. నేను కుర్చీలోంచి లేచింది లేదు, కాలు కదిపింది లేదు. మీరంతా వింటారన్న భయం తప్ప ఒంటికి కొత్తగా పడ్డ శ్రమ లేదు. కానీ గడియారంలో ‘నడక’ అన్న మీట నొక్కి వచ్చి ఉంటే, అది ఈ భయాన్ని కూడా వ్యాయామం కింద జమకట్టి, ఇన్ని కేలరీలు ఖర్చయ్యాయని రాసేసుకునేది.

ఈ గడియారాల మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి గుండె వేగం, రెండోది కేలరీలు. ఒకే తెర మీద, ఒకే సైజు అక్షరాల్లో, కవల పిల్లల్లా పక్కపక్కనే ఉంటాయి. అందులో మొదటిది లెక్కపెట్టిన అంకె. రెండోది ఊహించిన అంకె. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పిన నాకే ఈ తేడా ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. కుడిచేతి మూడు వేళ్ళు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించండి. బొటనవేలితో మాత్రం చూడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది, రెండూ కలిసి గందరగోళం చేస్తాయి. దొరికిందా? ఇప్పుడు నేను 15 సెకన్లు మాట్లాడను. రేడియోలో నిశ్శబ్దం అంటే డ్యూటీలో ఉన్నవారికి గుండె ఆగినంత పనవుతుంది కాబట్టి ముందే అనుమతి తీసుకున్నాను. లెక్కపెట్టండి.

(15 సెకన్ల విరామం)

చాలు. వచ్చిన అంకెని నాలుగుతో హెచ్చవేయండి. ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళకి 60కీ 100కీ మధ్య వస్తే మామూలే. 70 అనుకుంటే రోజుకి లక్ష దాటుతుంది. మనకి తెలియకుండా రోజుకి లక్షసార్లు.

మన పాత వైద్యులు నాడి చూశారు గానీ లెక్క మీద అంత దృష్టి పెట్టలేదు. శార్ఙ్గధర సంహితలో నాడి నడకలకి పోలికలు ఉన్నాయి. వాతం ఎక్కువైతే పాములా, జలగలా పాకుతుందనీ, పిత్తమైతే కప్పలా గెంతుతుందనీ, కఫమైతే హంసలా నింపాదిగా నడుస్తుందనీ. ఎలా నడుస్తోంది అన్నదే వాళ్ళకి ముఖ్యం, నిమిషానికి ఎన్ని అన్నది కాదు. చేతిలో నిమిషాన్ని కొలిచే సాధనం ఉంటే కదా! ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచి ఆగిపోయే గడియారం చేయించుకుని, 1707లో దాని మీద పుస్తకం వేశాడు. ఆ తరవాత రెండువందల ఏళ్ళకి హాలండులో ఐంథోవెన్ గుండెలో పుట్టే విద్యుత్తును గీతగా గీయించాడు. మనం ఈసీజీ అంటున్నది అదే. ఆ రోజుల్లో రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్టెల్లో పెట్టి కూర్చోవాలి. 1924లో ఐంథోవెన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆటగాళ్ళ ఒంటికి కట్టే గుండె యంత్రం ఫిన్లండులో బజారుకెక్కింది. అక్కడ మంచు మీద స్కీయింగు చేసే ఆటగాళ్ళకి గుండె వేగం తెలియాలంటే ఆగి, చేతితొడుగు తీసి, గడ్డకట్టే చలిలో మెడ మీద వేళ్ళు పెట్టుకోవాలి. ఆగితే వేగం పడిపోతుంది. ఔలు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్సు చెప్పే ఆచార్యుడు సెప్పో సైనాయాకాంగస్ దానికొక ఉపాయం కనిపెట్టాడు. ఆ ఇంటిపేరు పలకడానికి నేను ఇంట్లో రెండ్రోజులు సాధన చేశాను. 1977లో పోలార్ అన్న కంపెనీ పెట్టాడు. 1982లో ఛాతీకి పట్టీ, మణికట్టుకి గడియారం, మధ్యలో తీగ లేని యంత్రం బజారులోకి వచ్చింది. ఇవాళ క్రీడాకారులు కట్టుకునే ఛాతీ పట్టీ దాని మనవరాలే. పట్టీకి లోపలివైపు రబ్బరు ముక్కలుంటాయి, కట్టుకునే ముందు వాటిని నీళ్ళతో తడపాలి. చెమట పట్టాక ఇంకా బాగా పనిచేస్తుంది. తొట్టెలు పోయాయి గానీ ఉప్పునీళ్ళు పోలేదన్నమాట.

నా చేతికున్నది ఆ రకం కాదు. ఇది విద్యుత్తును పట్టదు, వెలుతురుతో పనిచేస్తుంది. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి మూసి చూసే ఉంటారు. వేళ్ళ సందులు ఎర్రగా వెలిగేవి. తెల్లటి వెలుతురులో ఎరుపుని రక్తం పోనిస్తుంది, ఆకుపచ్చని మింగేస్తుంది. అందుకే ఈ గడియారం వెనక ఆకుపచ్చ దీపాలు ఉంటాయి. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, ఆకుపచ్చ కాస్త ఎక్కువ మింగుడు పడుతుంది, తిరిగొచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ తగ్గుళ్ళని లెక్కపెట్టడమే దీని పని. తెలివైన పనే గానీ చికాకులూ ఉన్నాయి. గడియారం వదులుగా ఉంటే బయటి వెలుతురు దూరుతుంది. దట్టంగా పచ్చబొట్టు ఉన్నచోట దీపం లోపలికి దిగదు. మా మేనత్త ముంజేతి మీద కల్యాణ తిలకంలా ఇంత పచ్చబొట్టు ఉండేది, ఆవిడకి పెట్టి చూసుంటే తేలేది. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, చెయ్యి గట్టిగా ఊపుతూ నడిస్తే గడియారం అడుగుల ఊపునే గుండె దెబ్బలనుకుంటుంది. నిమిషానికి 118 అడుగులు వేస్తుంటే గుండె వేగం కూడా 118 అంటుంది. నడకలో ఈ రెండంకెలూ ఎంతసేపు చూసినా ఒకటిగానే ఉంటే అనుమానించండి.

పట్టీ కూడా సత్యహరిశ్చంద్రుడేం కాదు. మొదటిసారి నేను దాన్ని పాలియెస్టర్ చొక్కా లోపల పొడిగా కట్టుకుని జనవరి పొద్దున నడకకి వెళ్ళాను. వీధి మలుపు తిరిగేసరికి ఫోనులో 221. చొక్కా రాపిడికి పుట్టిన విద్యుత్తును అది గుండె అనుకుంది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. ఆ తరవాత గుండె నిజంగానే పరుగెత్తింది.

సరే, దెబ్బల లెక్క వరకూ చిన్నాచితకా తప్పులు పోను నమ్మొచ్చు. అసలు గొడవ కేలరీలతో. కేలరీ అంటే లీటరు నీళ్ళని ఒక్క డిగ్రీ పెంచే వేడి. మా ఫిజిక్సు పుస్తకాల్లో అది కిలోకేలరీ, తిండి లెక్కల దగ్గరికి వచ్చేసరికి ముందున్న కిలో ఎగిరిపోయింది. ఒంట్లో ఎంత ఖర్చయిందో నిజంగా కొలవాలంటే ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి, పీల్చిన ఆక్సిజన్‌లో ఒళ్ళు ఎంత వాడుకుందో చూడాలి. లీటరు ఆక్సిజన్‌కి దాదాపు 5 కేలరీలు. గడియారానికి ముక్కు లేదు. అందుకని గుండె దెబ్బల్నిబట్టి ఆక్సిజన్ ఎంతై ఉంటుందో ఊహించి, అందులోంచి కేలరీలు లాగుతుంది.

ఈ ఊహలో లోపం ఎక్కడుందో చెప్పాలంటే మా ఊరి మంచినీళ్ళ బావి దగ్గరికి వెళ్ళాలి. వీధి అరుగు మీద ఒకాయన కూర్చుని, ఎదురింటి ఆవిడ బావికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో లెక్కపెడుతున్నాడు. పన్నెండుసార్లు వెళ్ళింది కాబట్టి వాళ్ళింట్లో ఇంత వంట జరిగి ఉంటుందని తీర్మానించాడు. బిందె పెద్దదా చిన్నదా ఆయనకి తెలియదు. తెచ్చిన నీళ్ళలో ఎన్ని పొయ్యి దగ్గరికి వెళ్ళాయో, ఎన్ని వాకిట్లో చల్లిందో తెలియదు. తెలిసిందల్లా ఎన్ని తిరుగుళ్ళు అన్నదే. గుండె దెబ్బలు ఆ తిరుగుళ్ళు. ఒక్కో దెబ్బకి గుండె తోసే రక్తం బిందె. కండరాలు అందులోంచి తీసుకునే ఆక్సిజన్ వంట. సాధన ఉన్నవాడి గుండె పెద్ద బిందె మోస్తుంది, తక్కువ తిరుగుళ్ళతో అదే పని చేస్తుంది.

ఇక వాకిట్లో చల్లే నీళ్ళ సంగతి. మే నెలలో మనకి అదే ముఖ్యం. ఎండల్లో ఒళ్ళు చల్లబడటానికి రక్తం చర్మానికి పోతుంది. చెమట పోయి ఒంట్లో నీరు తగ్గితే బిందె కూడా చిన్నదవుతుంది. గుండె ఎక్కువ తిరుగుళ్ళు తిరగాల్సిందే, పొయ్యి మాత్రం అంతే మండుతుంది. మా కాలనీ పార్కులో నేను నడిచే దారి ఒకటే, వేగం ఒకటే. జనవరిలో గుండె 104, గడియారం 235 కేలరీలు అంది. మే నెలలో ఏడింటికి బయల్దేరితే గుండె 119, కేలరీలు 310. ఎండ నాకు 75 కేలరీలు కానుకగా ఇచ్చిందనుకుని ఆ రోజు ఇంకో ఇడ్లీ వేసుకున్నాను. ఏడాదంతా ఇదే అప్పూ జమా. గడియారం లెక్క ప్రకారం ఈపాటికి నేను గాలికి కొట్టుకుపోవాలి. తూకం మీద రెండు కిలోలు పెరిగాను.

పైగా గడియారం చూపించే దాంట్లో మామూలు ఖర్చు కూడా కలిసే ఉంటుంది. 70 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా గంటకి దాదాపు 70 కేలరీలు ఖర్చవుతాయి. నా గంట నడక చూపిన 235లో అవి తీసేస్తే నడక పుణ్యాన దక్కినవి 165. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ఏడు రకాల చేతి గడియారాల్ని 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగంలో ఏడింట ఆరు 5 శాతం లోపు తేడాతో బయటపడ్డాయి. కేలరీల్లో ఒక్కటీ నెగ్గలేదు. అన్నిట్లోకీ మంచిదే సగటున 27 శాతం తప్పింది, మరీ నాసిరకంది 93 శాతం.

నాకు ఆ పరిశోధన కన్నా అలిపిరి మెట్లు బాగా నేర్పాయి. పోయిన ఏడాది మాఘమాసంలో నేనూ మా ఆవిడా మెట్ల దారిన తిరుమల కొండెక్కాం. నా చేతికి గడియారం, ఛాతీకి పట్టీ, రెండూ వేర్వేరుగా లెక్కలు రాస్తున్నాయి. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, అక్కడ మజ్జిగ తాగి, జింకల పార్కు పక్కన చదును దారిలో కబుర్లాడుకుంటూ నడిచాం. చివర్లో మోకాళ్ళ పర్వతం. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఉంటారు, పసుపూ కుంకుమా పెట్టుకుంటూ మెట్టుమెట్టుకీ వంగేవాళ్ళు ఉంటారు. నేను పక్కనున్న కమ్మీ గట్టిగా పట్టుకుని లాక్కుంటూ ఎక్కుతున్నాను. పట్టీ 151 అంటోంది, గడియారం 88 అంటోంది. నాలుక పిడచకట్టుకుపోయి, ‘గోవిందా’ అనబోతే ‘గో’ దగ్గర ఆగిపోతున్నాను. ఎవరిది నిజమో వేరే చెప్పాలా? పిడికిలి బిగిసినప్పుడు మణికట్టు దగ్గర గడియారానికి సరిగా కనబడదు.

పైకి చేరేసరికి మూడున్నర గంటలు. గడియారం 1,612 కేలరీలు అంది, పట్టీ 1,265 అంది. సత్రం గదిలో మంచం మీద వాలి, క్యూ పాస్ వెనక నేనూ ఒక లెక్క వేశాను. కిలో బరువుని 427 మీటర్లు పైకెత్తితే ఒక కేలరీ పని. నా బరువు 70, ఎక్కిన ఎత్తు సుమారు 650 మీటర్లు. అది 107 కేలరీలు. కండరం తిన్నదాంట్లో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే పనిగా మారుస్తుంది, మిగిలింది వేడి. కాబట్టి ఎక్కినందుకు 430 నుంచి 530. చదును నడకకి ఓ 300. ఊరికే బతికున్నందుకు 245. కలిపితే వెయ్యికి అటూ ఇటూ. ఊరికే బతికున్నవి తీసేస్తే మెట్ల వల్ల ఖర్చయినవి ఓ 750.

దర్శనం అయ్యాక లడ్డు చేతికొచ్చింది. చిన్న లడ్డు 175 గ్రాములుంటుంది. శనగపిండి, చక్కెర, నెయ్యి. గ్రాముకి నాలుగు కేలరీల చొప్పున వేసినా 700. ఈ మాట పైకి అన్నాను. ప్రసాదానికి లెక్కలేమిటని మా ఆవిడ కళ్ళెర్ర చేసింది. నిజమే, సగం నా చేతిలో పెట్టి సగం తను తింది, మరి దాని కేలరీలు ఎవరి ఖాతాలో వెయ్యాలో ఏ గడియారం చెబుతుంది!

అయితే ఇది పారేసే వస్తువా అంటే, కాదు. కేలరీల గడిని నేను తెర మీంచి తీసేశాను. గుండె వేగం ఉంచుకున్నాను, అది మూడు పనులకి వస్తుంది.

పొద్దున్నే మంచం దిగకముందు చూసుకునే అంకె ఒకటి. నడక మొదలుపెట్టినప్పుడు నాకు 78 ఉండేది, ఏడాదికి 70కి దిగింది. బిందె పెద్దదైంది. జ్వరం వచ్చే ముందు రోజో, నిద్ర లేని మర్నాడో అది 80 దగ్గర నిలబడుతుంది, ఆ రోజు నేను పార్కుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటాను.

రెండోది నడక జోరు. అందరికీ తెలిసిన సూత్రం, 220 లోంచి వయసు తీసెయ్యడం. నాకు 60, అంటే గుండె గరిష్ఠ వేగం 160. 2001లో ఇంకో సూత్రం వచ్చింది, వయసుని 0.7తో హెచ్చవేసి 208 లోంచి తీసెయ్యడం, దాని ప్రకారం 166. ఏదైనా సగటే, మనిషికీ మనిషికీ పది పన్నెండు దెబ్బల తేడా మామూలు. ఫిన్లండులోనే కార్వోనెన్ అనే వైద్యుడు 1957లో చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. గరిష్ఠం లోంచి పొద్దుటి అంకె తీసేస్తే 90. అందులో 40 శాతం 36, 60 శాతం 54. వాటికి 70 కలిపితే 106 నుంచి 124. ఇది మధ్యరకం వ్యాయామం. ఈ లెక్కంతా ఎందుకులే అనుకునేవాళ్ళకి ఇంకో కొలత ఉంది: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. మా పార్కులో రాజకీయాలు మాట్లాడుతూ నడిచేవాళ్ళు సరిగ్గా ఆ కొలతలోనే ఉంటారు. ఘంటసాల పాట అందుకున్నవాళ్ళు కాస్త జోరు పెంచాలి.

ఇక్కడొక హెచ్చరిక. మా వీధి చివరింటి మేష్టారు ఎంత చెమటోడ్చి నడిచినా ఆయన గడియారం 96 దాటదు. నా కన్నా పెద్ద గుండె అని ఆయనకి గర్వం. తీరా చూస్తే బీపీకి వేసుకునే మాత్ర మహిమ అది. బీటా బ్లాకర్లు అనే మందులు, మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి, గుండె వేగానికి కళ్ళెం వేస్తాయి. అవి వాడేవాళ్ళకి 220 సూత్రం వర్తించదు, గడియారం కేలరీలు మరీ వర్తించవు. అంకె పెరగాలని మాత్ర మానెయ్యకండి, ఎంత జోరుగా నడవాలో మీ డాక్టరునే అడగండి. గుండెలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగుతున్నా గడియారం చూస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

మూడోది, ఆగిన తరవాత ఒక్క నిమిషంలో వేగం ఎంత తగ్గిందన్నది. ట్రెడ్‌మిల్ పరీక్షలో డాక్టర్లు కూడా దీన్ని చూస్తారు. ఎంత తొందరగా దిగితే గుండెకి అంత సాధన ఉన్నట్టు. మొదటిసారి గాలిగోపురం దగ్గర ఆగినప్పుడు నాకు నిమిషంలో 14 తగ్గింది.

ఈ కార్తీకంలో మళ్ళీ ఎక్కాం. ఈసారి ఎంత తగ్గుతుందో చూద్దామని ఉబలాటం. పట్టీ ఇంట్లో దండెం మీదే మరిచిపోయాను. గాలిగోపురం పది మెట్లుందనగా గడియారం ఛార్జింగు అయిపోయి తెర నల్లబడింది. మెట్టు మీద కూలబడితే మా ఆవిడ నా పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని, మూడు వేళ్ళు ఆనించింది. తన చేతి గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోంది. 15 సెకన్లు లెక్కపెట్టింది. నిమిషం ఆగి మళ్ళీ లెక్కపెట్టింది. రెండోసారి 27 అంది. నేను మెడ మీద వేళ్ళు పెట్టుకుని లెక్కపెట్టుకుంటే 29 వచ్చింది. తను ఒకటీ రెండూ వదిలేసిందని నేనూ, కంగారులో నేను మధ్యలో కలిపేసుకున్నానని తనూ, మోకాళ్ళ పర్వతం దాకా వాదించుకుంటూనే వెళ్ళాం.